టైమౌట్ 30 సెకన్లు ఇచ్చినా ఎస్‌క్యూలైట్ ఒక్క సెకను కూడా ఆగడం లేదు

ప్రశ్న (కాటాకోడ్):
అందరికీ నమస్కారం. మా ఊరి పత్తి జిన్నింగ్ మిల్లులో లారీల కాటా కోసం పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఒక ప్రాసెస్ సీరియల్ పోర్టు నుంచి బరువు చదివి సెకనుకోసారి టేబుల్‌లో రాస్తుంది. గుమాస్తా స్లిప్పులు ఇచ్చే వెబ్ పేజీ మరో ప్రాసెస్‌గా నడుస్తూ అదే ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) ఫైలును వాడుతుంది. స్లిప్పు సేవ్ చేసేటప్పుడు రోజుకు నాలుగైదు సార్లు ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని వస్తోంది. జర్నల్ మోడ్ ఇప్పటికే వాల్‌లో (WAL: మార్పులను ముందు పక్కనున్న వేరే ఫైలులో రాసే పద్ధతి) ఉంది, టైమౌట్, అంటే లాక్ కోసం ఆగే గడువు, 30 సెకన్లు ఇచ్చాను. అయినా ఆ 30 సెకన్లు ఆగకుండా, బటన్ నొక్కీ నొక్కగానే ఎర్రర్ పడుతోంది. బయట లారీలు బారులు తీరి ఉంటాయి కనుక గుమాస్తా కోపమంతా నా మీదే. సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మారడం తప్ప దారి లేదా?

జవాబు (పాతకాపు):
డేటాబేస్ ఫైలు నెట్‌వర్క్ షేర్ మీద ఉందా? వాల్ పద్ధతిలో ప్రాసెస్‌లన్నీ షేర్డ్ మెమరీ ద్వారా సమన్వయం చేసుకుంటాయి కాబట్టి అవి ఒకే యంత్రంలో ఉండి తీరాలి.

కాటాకోడ్:
లేదండీ, రెండు ప్రాసెస్‌లూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి, ఫైలు కూడా అందులోని డిస్క్ మీదే ఉంది.

జవాబు (వరుసలు_నిలువులు):
అయితే తప్పు టైమౌట్‌లో కాదు, ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే మార్పులు) మొదలుపెట్టే తీరులో ఉన్నట్టుంది. మీరు ‘బిగిన్’ అని రాసి, ముందు చివరి స్లిప్పు నంబరును సెలెక్ట్‌తో చదివి, ఆ తరువాత ఇన్సర్ట్ చేస్తున్నారని అనుకుంటున్నాను. వట్టి ‘బిగిన్’ ఏ లాకూ తీసుకోదు; సెలెక్ట్ నడిచినప్పుడు మీకు డేటాబేస్ తాలూకు ఆ క్షణపు నకలు (ప్రతి) ఒకటి దక్కుతుంది. మీ సెలెక్ట్‌కూ ఇన్సర్ట్‌కూ మధ్య కాటా ప్రాసెస్ ఒక్క వరుస రాసి కమిట్ చేసినా (ఖాయం చేసినా) మీ చేతిలోని ప్రతి పాతబడిపోతుంది. పాత ప్రతి మీద కొత్త రాత రాయనివ్వడం కుదరదు, ఎంతసేపు ఆగినా ఆ ప్రతి కొత్తది కాదు. అందుకే ఎస్‌క్యూలైట్ టైమౌట్ జోలికి పోకుండా వెంటనే ఎర్రర్ ఇస్తుంది. రాయబోయే ట్రాన్సాక్షన్‌ను ‘బిగిన్ ఇమ్మీడియట్’ అని మొదలుపెట్టండి. రాసే లాక్ మొదట్లోనే అడుగుతుంది కనుక, అవతలివారు రాస్తుంటే అప్పుడు మీ 30 సెకన్లు నిజంగా పనికివస్తాయి.

ఇంకొక మాట: వాల్ మోడ్ ఫైలులోనే నిలిచిపోతుంది కానీ, టైమౌట్, ఫారిన్ కీల తనిఖీ (ఒక వరుస సూచించే మరో టేబుల్ వరుస నిజంగా ఉందో లేదో చూడడం) వంటివి ప్రతి కనెక్షన్‌కూ మళ్లీ చెప్పాలి. ఫారిన్ కీల తనిఖీ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుందన్న సంగతి నేను అనాథ వరుసలు వందల్లో పోగయ్యాక తెలుసుకున్నాను.

కాటాకోడ్:
మీరు ఊహించినది అక్షరాలా నిజం. మార్చి మూడు రోజులైంది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కోడ్ తిరగేస్తుంటే మరో నిర్వాకం బయటపడింది: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు స్లిప్పు పంపే వరుసను కమిట్‌కు ముందు పెట్టాను. కాగితం ఇరుక్కుంటే కాటా ప్రాసెస్ అంతసేపూ రాయలేక ఆగిపోయేదన్నమాట. దాన్ని కమిట్ తరువాతకు జరిపాను. అయితే పక్కనున్న వాల్ ఫైలు 600 ఎంబీకి పెరిగింది. దాన్ని తీసేయవచ్చా?

జవాబు (వరుసలు_నిలువులు):
దయచేసి తీసేయకండి! ప్రధాన ఫైలులోకి ఇంకా చేరని కమిట్లు అందులో ఉండవచ్చు. మామూలుగా వాల్ 1000 పేజీలకు, అంటే 4096 బైట్ల పేజీతో సుమారు 4 ఎంబీకి చేరగానే చెక్‌పాయింట్, అంటే వాటిని ప్రధాన ఫైలులోకి చేర్చడం, జరుగుతుంది. మీది ఇంత పెరిగిందంటే, ఏదో ఒక కనెక్షన్ చదవడం మొదలుపెట్టి ముగించకుండా పట్టుకుని కూర్చుంది. వరుసలన్నీ తీసుకోకుండా వదిలేసిన కర్సర్ (క్వెరీ ఫలితాలను ఒక్కొక్కటిగా అందించేది) ఎక్కడైనా ఉందేమో చూడండి. దాన్ని మూశాక ‘వాల్ చెక్‌పాయింట్’ ప్రాగ్మాను (ఎస్‌క్యూలైట్‌కు ఇచ్చే ప్రత్యేక ఆదేశాన్ని) ‘ట్రంకేట్’తో నడిపితే ఫైలు సున్నాకు దిగుతుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్రధాన ఫైలు ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అనుకోవద్దు, పూర్తి కాపీని వేరే ఫైలులోకి రాసే, ఎస్‌క్యూలైట్ 3.27 వెర్షన్ నుంచి ఉన్న ‘వాక్యూమ్ ఇంటూ’ వాడండి.

కాటాకోడ్:
దొరికింది. గోడ మీది టీవీలో తాజా బరువు చూపే పేజీ మొదటి వరుస ఒక్కటే తీసుకుని కర్సర్‌ను అలాగే వదిలేస్తోంది. మూశాక ట్రంకేట్ నడిపాను, వాల్ ఫైలు ఇప్పుడు 4 ఎంబీ దగ్గరే ఉంటోంది. పెన్‌డ్రైవ్‌లోని పాత బ్యాకప్‌లను ఈ రాత్రే ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.