టెక్కెన్ 6 ఫైటింగ్ గేమ్‌లో బ్రూస్ ఇర్విన్‌ని ఎవరైనా సీరియస్‌గా ఆడుతున్నారా?

నల్లగొండ_ప్లేయర్

అన్నలూ, ఒక డౌట్. మా నల్లగొండలో టెక్కెన్ అంటే ఇప్పటికీ చాలామందికి 3వ పార్టే. గేమ్ షాపులో గంటకింత అని కట్టి ఆడినవాళ్లకి ఎడ్డీ, జిన్, హ్వొరాంగ్, కింగ్ తప్ప ఇంకెవరూ గుర్తుండరు. నేను ఇప్పుడు ఫోన్‌లో పీపీఎస్ఎస్‌పీపీ (పీఎస్‌పీ గేమ్స్ ఆడించే యాప్) పెట్టుకుని టెక్కెన్ 6 ఆడుతున్నా. అందులో బ్రూస్ దొరికాడు. నెత్తి మీద నిలబడ్డ జుట్టు, చేతులకు కట్లు, మోకాలితో పొడుస్తుంటే మస్తు అనిపించింది, అప్పటినుంచి వేరే క్యారెక్టర్ తీసుకోవట్లేదు. కానీ మా క్లాక్ టవర్ బ్యాచ్ అంతా "వీడు బ్రయన్‌కి కాపీ, బ్రయన్‌నే ఆడరాదు" అంటున్నారు. నిజంగానే కాపీనా? 7లో ఎందుకు తీసేశారు? ఇంత టైమ్ పెట్టి నేర్చుకుంటే లాభం ఉందా?

పాలమూరు_భయ్యా

కాపీ అనేవాళ్లకి వరస తిరగేసి చెప్పు తమ్ముడూ, ముందు వచ్చింది బ్రూసే. 1995లో టెక్కెన్ 2 ఆర్కేడ్‌కి వచ్చినప్పుడే ఉన్నాడు, బ్రయన్ ఫ్యూరీ 1997లో 3వ పార్ట్‌తో వచ్చాడు. టెక్కెన్ 2లో బ్రూస్ సబ్‌బాస్, అంటే చివరి బాస్‌కి ముందు ఎదురయ్యేవాడు. ప్లేస్టేషన్‌లో లే వూలాంగ్ అనే పోలీసు క్యారెక్టర్‌తో గేమ్ పూర్తి చేస్తేనే ఓపెన్ అయ్యేవాడు. 3లో ఇతన్ని పక్కన పెట్టి, ఇతని దెబ్బలు కొన్ని బ్రయన్‌కి ఇచ్చేశారు. మన దగ్గర అందరూ 3తోనే మొదలుపెట్టారు కాబట్టి బ్రయనే అసలు అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

కథ కూడా చూడు. బ్రూస్ మొదట పోలీసు, విమానం కూలి జ్ఞాపకం పోయాక టెక్కెన్ 2 విలన్ కజుయాకి బాడీగార్డ్ అయ్యాడు, బ్రూస్ మీదికి వచ్చేది లే. బ్రయన్ కూడా ఇంటర్‌పోల్ మనిషే, అతని కథలోనూ లే ఉన్నాడు, చచ్చిపోయాక డాక్టర్ ఏబెల్ సైబోర్గ్‌గా లేపాడు. అంటే దెబ్బలే కాదు, కథలో బ్రూస్ నిలబడ్డ చోటు కూడా బ్రయన్‌కే పోయింది. నాకు బాధ అనిపించేది అక్కడే. బ్రయన్ నవ్వు, అతని క్రూరత్వం జనానికి ఎక్కేశాయి, పాత మనిషికి 3లో, 4లో చోటు లేకుండా పోయింది. 2004లో 5తో మెయిన్ సిరీస్‌లోకి తిరిగి తెచ్చారు, 6లో, టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2లో ఉంచారు, 7లో మళ్లీ లేడు. 2024లో 8 విడుదలైనప్పుడూ లేడు. ఎందుకు అంటే నా లెక్క ఇది: 7లోనే ఫఖుమ్‌రామ్ అనే థాయ్ ఫైటర్‌ని 2020లో డీఎల్‌సీగా (విడిగా కొనే అదనపు క్యారెక్టర్‌గా) అమ్మారు, ఒకవైపు బ్రయన్, ఒకవైపు ఆయన ఉండగా మధ్యలో బ్రూస్ కోసం గట్టిగా అడిగేవాళ్లు తక్కువ.

మిర్యాలగూడ_కిక్స్

నేను కిక్‌బాక్సింగ్ ప్రాక్టీస్ చేస్తా కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. బ్రూస్‌ని అందరూ కిక్‌బాక్సర్ అంటారు గానీ గేమ్ అతనికి రాసింది ముయే థాయ్, కిక్‌బాక్సింగ్ బ్రయన్‌ది. మీ బ్యాచ్‌కి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ముయే థాయ్‌లో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, ముంగాళ్లు (మోకాలి కింద ముందువైపు ఎముక), మొత్తం ఎనిమిది చోట్లతో కొడతారు. జపాన్‌లో 1960లలో పుట్టిన కిక్‌బాక్సింగ్ దాన్ని చూసే తయారైంది, 1993లో మొదలైన కె-1 లాంటి పోటీల్లో అయితే మోచేతి దెబ్బే నిషేధం. బ్రూస్ ఆట చూడు, ఎదుటివాడికి ఊపిరాడనంత దగ్గరికి వెళ్లి మోచేయి, మోకాలు కలిపి కొడతాడు. బ్రయన్ కొంచెం దూరం నుంచి నువ్వు తప్పు చేసేదాకా ఆగి ఒక పెద్ద దెబ్బ వేస్తాడు. ఇద్దర్నీ ఒక్కలాగే ఆడేవాడికి ఇద్దరూ రారు.

ఇంకో సంగతి, మా జిమ్‌లో లో కిక్ (కాళ్ల మీదికి వచ్చే దెబ్బ) వస్తే కాలు ఎత్తి ముంగాలి ఎముకతో ఆపమంటారు, కిందికి వంగితే మొహం మీద మోకాలు పడుతుంది. గేమ్‌లో లో కిక్ ఆపాలంటే కూర్చోవాల్సిందే. కూర్చున్నవాడిని మోకాలితో గాల్లోకి లేపడమే బ్రూస్ బలం. అందుకే రెండు మూడు లో కిక్స్ వేసి వాడికి కూర్చునే అలవాటు చేయించు, ఆ తర్వాత మోకాలు. గాల్లోకి లేచాక 6లో బౌండ్ ఉంది కదా, ఒకసారి నేలకేసి కొట్టి కాంబో (ఆగకుండా పడే వరస దెబ్బలు) సాగదీయొచ్చు, గోడ దగ్గరలో ఉంటే ఇంకా మంచిది. నేర్చుకో, టైమ్ వేస్ట్ కాదు.

నల్లగొండ_ప్లేయర్

థ్యాంక్స్ అన్నలూ, రేపే మా బ్యాచ్‌కి వినిపిస్తా. ఇంకొక్కటి: మా దోస్త్ ఎడ్డీతో కింద కూర్చుని కాళ్లు తిప్పుతూనే ఉంటాడు, బటన్లన్నీ నొక్కేస్తాడు. బ్రూస్‌తో దగ్గరికి పోవడమే అవ్వట్లేదు, టెన్షన్‌లో నేనూ ఏదో ఒకటి నొక్కేస్తున్నా.

పాలమూరు_భయ్యా

దగ్గరికి పోవద్దు, రానియ్యి. టచ్ స్క్రీన్ మీద బటన్లు చిన్నగా ఉంటాయి, సెట్టింగ్స్‌లో పెద్దవి చేసుకో, వీలైతే బ్లూటూత్ ప్యాడ్ తెచ్చుకో. ఎడ్డీ కింద తిప్పేవాటిలో చాలావరకు కూర్చుని బ్లాక్ చేస్తే అతను కాసేపు ఇరుక్కుపోతాడు. బ్లాక్ అవ్వగానే పైకి లేస్తూ కుడి కాలు, అంటే సర్కిల్ బటన్ ఒక్కటే నొక్కు. ఈ లేచే కిక్ దాదాపు అందరికీ ఫాస్ట్‌గానే ఉంటుంది, బ్రూస్‌కీ అంతే. ముందు ప్రాక్టీస్ మోడ్‌లో ఎడ్డీని పెట్టుకుని ఏది కింద తగులుతుంది, ఏది నడుముకి తగులుతుంది చూసుకో. నడుముకి వచ్చేదాన్ని కూర్చుని ఆపలేవు, మీ దోస్త్ గెలుస్తున్నది దాంతోనే అయి ఉంటుంది.