ఆడకుక్కకు ఆపరేషన్: ఒకసారి ఈనాల్నా?

ప్రశ్న (కడప): మా రాణి నాటుకుక్క. ఏడు నెలలు, ఇంకా ఎదకు రాలేదు. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేపిద్దామంటే మా అవ్వ, "ఒక్క ఈతన్నా కాకుండా కోయిస్తే పాపంరా" అంటాంది. నిజంగా ఒకసారి ఈనాల్నా?

జవాబు: అక్కర్లేదన్నా. ఎదకు రాకముందే చేపిస్తే రొమ్ము గడ్డల భయం బాగా తగ్గుతాది. గర్భసంచి తీసేస్తారు కాబట్టి దాంట్లో చీము పట్టేదుండదు. మా వీధిలో ఒక ముసలి కుక్క ఆ చీముతోనే పోయింది, చూళ్లేకపోతిమి. వదిలేస్తే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎదకొస్తాది, మగదాంతో కలిసిన రెండు నెలలకే ఈనుతాది. ఆ పిల్లల్ని ఎవురు సాకుతారో అవ్వనే అడుగు. బుగ్గవంక ఏటి గట్టున వదిలేస్తే అది పాపం కాదా?

జవాబు: మగదానికీ చేపించండబ్బా! మావాడు ఎద వాసనకు గోడ దూకి, కరిపించుకొని వచ్చేవాడు. ఇప్పుడు ఇల్లు కదలడు. కాపలా తగ్గుతాదనేది ఉత్త మాట, కొత్తోళ్లొస్తే అదే మొరుగుడు. తిండి మాత్రం కొంచెం తగ్గించాల, లేకుంటే లావెక్కుతారు.

జవాబు: ముందురోజు రాత్రి అన్నం ఎప్పుడు ఆపాల్నో డాక్టర్‌ను అడుగు. కుట్లు నాకకుండా మెడకు గరాటు మాదిరుండే పట్టీ వెయ్యి.

ప్రశ్న వేసినాయన: అవ్వకు చదివి వినిపిస్తి. "సరే, ఖర్చు నీదే" అనింది. ఆ గరాటు మెడికల్ షాపులో దొరుకుతాదా?