రీఛార్జబుల్ టార్చ్ ఏళ్ల తరబడి నిలవాలంటే ఎలా చూసుకోవాలి?

నైట్‌రౌండ్ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నాది గోడౌన్‌లో రాత్రి డ్యూటీ. రౌండ్లు కొట్టాలి కాబట్టి టార్చ్ లేకుండా నాకు పని జరగదు. మూడేళ్లుగా ఒక్కటే వాడుతున్నాను. అల్యూమినియం బాడీ, లోపల ఒక 18650 లిథియం అయాన్ సెల్, పక్కన రబ్బరు మూత కింద టైప్-సి పోర్టు. వెలుతురు ఇప్పటికీ బాగానే ఉంటుంది. కానీ ఒకప్పుడు తెల్లారేదాకా వచ్చే ఛార్జింగ్ ఇప్పుడు అర్ధరాత్రి దాటగానే అయిపోతోంది. కాస్త కదిలితే లైటు మిణుకుమిణుకుమంటుంది, వెనక మూత బిగిస్తే కాసేపు ఆగుతుంది, మళ్లీ మామూలే. ఇంకో సంగతి: కొత్త ఫోన్‌తో వచ్చిన, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే ఛార్జింగే ఎక్కదు. పాత కేబుల్‌తో మాత్రం ఎక్కుతుంది.

ఇంట్లో ఇంకో టార్చ్ ఉంది. వెనక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా ప్లగ్గులో గుచ్చే రకం. అవసరానికి ఉంటుందని అల్మారాలో పెట్టాం, ఏడాది పైనే అయింది. మొన్న తీస్తే అసలు వెలగలేదు. ఛార్జింగ్ పెట్టినా అంతే. రెండూ పారేసి కొత్తవి కొనమంటున్నారు ఇంట్లో. నాకు మాత్రం ఈ అల్యూమినియం టార్చ్‌ని వదులుకోవాలని లేదు. దీన్ని నిలబెట్టుకునే మార్గం ఉందా?

కొండదారి:
కేబుల్ గురించి నేను చెబుతాను. మీ ఫోన్ ఛార్జర్ తప్పు కాదు, కేబుల్ తప్పూ కాదు. టైప్-సి ఛార్జర్ అవతల ఏదో పరికరం ఉందని గుర్తుపడితేనే కరెంటు వదులుతుంది. ఆ గుర్తు కోసం పరికరం పోర్టులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. చాలా టార్చ్‌ల్లో ఖర్చు తగ్గించడానికి వాటిని పెట్టరు. పాత వెడల్పాటి యూఎస్‌బీ వైపు నుంచైతే 5 వోల్టులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ కేబుల్‌తో ఎక్కుతుంది. పాత కేబుల్ జాగ్రత్తగా దాచుకోండి, అంతే.

సోల్డరింగ్‌ఐరన్:
టార్చ్‌లు, ఎమర్జెన్సీ లైట్లు రిపేర్ చేయడమే నా పని. నైట్‌రౌండ్ గారూ, మీ అల్యూమినియం టార్చ్ నిక్షేపంగా ఉంది. పారేయకండి.

మొదట మిణుకు సంగతి. వెనక మూత పూర్తిగా విప్పి లోపలికి చూడండి. స్ప్రింగు చుట్టూ ఒక ఇత్తడి రింగు, దానికి ఎదురెదురుగా రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. స్విచ్‌ని పట్టి ఉంచేది ఆ రింగే. రోజూ స్విచ్ నొక్కుతుంటే అది నెమ్మదిగా వదులవుతుంది. మొనదేలిన ట్వీజర్ కొనలు రెండు గుంటల్లో పెట్టి బిగించండి. ఇలాంటి కేసుల్లో సగానికి పైగా నాకు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత టార్చ్ గొట్టం అంచు చూడండి. మూత వచ్చి ఆనుకునే చోట రంగు లేని ఉత్త లోహం ఉంటుంది. కరెంటు వెళ్లేది ఆ సన్నని అంచు మీదుగానే. తెల్ల గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఒక చుట్టు తుడవండి, గుడ్డ నల్లగా అవుతుంది. నల్లదనం అంటకుండా వచ్చేదాకా తుడవాలి. థ్రెడ్లు, అంటే మూత తిప్పి బిగించే మరలు కూడా అలాగే. ఆ తర్వాత థ్రెడ్లకీ, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగుకీ (ఓ-రింగ్) సిలికాన్ గ్రీజు కొంచెమే, రింగు తళతళలాడేంత రాస్తే చాలు. వాసెలిన్ లాంటివి వద్దు, వాటికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. అంచు మీద మాత్రం గ్రీజు పడనివ్వకండి. ఓ-రింగ్ మీద పగుళ్లు కనిపిస్తే అదే సైజుది కొత్తది వేయండి.

ఇక ఛార్జింగ్. లిథియం అయాన్ సెల్ మామూలుగా 300 నుంచి 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత తన సామర్థ్యంలో 80 శాతం దగ్గరికి దిగుతుంది. రోజూ సగం వాడి ఎక్కించినా మూడేళ్లకు ఆ లెక్క దాటేస్తారు. కాబట్టి మీ సెల్ చేయాల్సిన పని చేసేసింది. సెల్ ఒక్కటి మార్చండి, టార్చ్ మళ్లీ కొత్తదే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ అయితే పొడవు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది, మీ గొట్టంలో పడుతుందో లేదో ముందే చూసుకోండి. కొనేటప్పుడు దాని మీద 9900 ఎంఏహెచ్ (సెల్ సామర్థ్యం కొలత) అని రాసి ఉంటే ముట్టుకోకండి. ఈ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్‌లోనే 3500 దగ్గర ఆగిపోతుంది. మిగతాది పచ్చి అబద్ధం. ఇంత అబద్ధం చెప్పేవాడు లోపల భద్రత గురించి పట్టించుకుంటాడని నేను నమ్మను.

ఇంకో ముఖ్యమైన మాట. సెల్ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగితే వాడకండి. లోపలి డబ్బా మొత్తం మైనస్సే. ప్లస్ కొన దగ్గర రెండింటి మధ్య అడ్డం ఉండేది ఒక పలచని రింగు, ఈ తొడుగు. అక్కడ లోహం తగిలిందంటే షార్ట్ అయి నిప్పు పుడుతుంది.

అల్మారాలో పెట్టిన టార్చ్ వేరే కథ. ఆ రకంలో ఎక్కువగా 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జింగ్ పట్టదు. జనం ఇక్కడే పొరబడతారు, ఎందుకంటే రెండు బ్యాటరీల పద్ధతి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. లెడ్ యాసిడ్‌ని నిండుగా పెట్టి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ నింపాలి. లిథియంని చాలాకాలం పక్కన పెట్టాలంటే సగం ఛార్జింగ్‌తో, అంటే 3.7 వోల్టుల దగ్గర, చల్లని చోట పెట్టాలి. మీ పాతదాంట్లో బ్యాటరీ ఉబ్బి ఉంటే దాని జోలికి పోకండి. ఉబ్బకపోతే అదే సైజు బ్యాటరీ వేయించుకోవచ్చు.

కొండదారి:
సోల్డర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వేడి. సెల్‌నీ ఎల్‌ఈడీనీ రెండింటినీ తినేది అదే. టర్బో మోడ్, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుతురు, అవసరమైన క్షణానికే వాడండి, రౌండ్‌కి మీడియం సరిపోతుంది. ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు మీద టార్చ్ వదలకండి. అలాగే పక్కన ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న టార్చ్‌లు ఆపి ఉంచినా కొద్దికొద్దిగా ఛార్జింగ్ తాగుతుంటాయి. నేను ట్రెక్కింగ్ బ్యాగులో పెట్టేముందు వెనక మూతను పావు చుట్టు వదులు చేస్తాను. థ్రెడ్లకు అనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటు పారనివ్వని పూత) ఉంటే సర్క్యూట్ అక్కడితో తెగిపోతుంది. బ్యాగులో దానంతటదే వెలిగే టెన్షన్ కూడా ఉండదు.

నైట్‌రౌండ్:
ఇద్దరికీ చాలా థాంక్స్. రింగు నిజంగానే వదులైంది, ట్వీజర్‌తో అర చుట్టు తిరిగింది. ఇప్పుడు చేత్తో తట్టినా మిణుకు లేదు. కొత్త సెల్ తెప్పిస్తున్నాను. ఇంకో రెండు సందేహాలు. ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత మూలన చిరిగింది, వానలో వాడొచ్చా? పాత సెల్ ఏం చేయాలి?

సోల్డరింగ్‌ఐరన్:
ఐపీఎక్స్7 అని రాసి ఉన్నా, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని, అది మూత సరిగ్గా మూసుకున్నప్పటి మాటే. మూత చిరిగితే ఆ హామీ లేనట్టే. కొత్త మూత దొరికేదాకా వానలో వాడకండి. తడిసిందా, సెల్ తీసేసి పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. తడి పోర్టులో ఛార్జింగ్ పెడితే పిన్నులు పచ్చగా చిలుం పట్టి తినేసుకుపోతాయి. పోర్టు మార్చడం సెల్ మార్చినంత తేలిక కాదు.

పాత సెల్ చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది. రెండు కొనలకీ టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఇచ్చేదాకా తాళాలు, చిల్లర ఉన్న డబ్బాలో మాత్రం పడేయకండి.