శుక్లం తీయించుకున్నాక పాత సమీక్ష మీద అనుమానం వచ్చింది, సవరణ వెయ్యాలా?

తెనాలి ముందువరస:

నమస్కారమండీ. నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. మొదట ఫోన్‌కి నేనే నోటితో చెప్పి చూశాను. "పద్యం రాగయుక్తంగా" అంటే "మద్యం రోగయుక్తంగా" అని రాసింది. అందుకని పిల్లని కూర్చోబెట్టాను.

సోమవారం కుడికంటికి శుక్లం తీశారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కష్టమంతా ఆ తర్వాతే. వారం రోజులు ఇల్లు కదలకూడదు, తలమీద నీళ్లు పోసుకోకూడదు, వంగకూడదు, బిందె ఎత్తకూడదు. రోజుకి ఆరుసార్లు చుక్కలు. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. మా ఆవిడ అలారాలు పెట్టింది. రాత్రిపూట కంటిమీద ప్లాస్టిక్ డిప్ప అంటించి మరీ పడుకోబెడుతోంది.

ఇరవై ఎనిమిదేళ్లుగా మా ఊరి చిన్న వారపత్రికకి నాటకాల మీద రాస్తున్నాను. పరిషత్తు పోటీలు, పద్యనాటకాలు, అప్పుడప్పుడూ హరికథ. డబ్బులేమీ రావు. ముందువరసలో కుర్చీ, విరామంలో టీ వస్తాయి. ఒక వారం ఏమీ రాయకుండా కూర్చోవడం ఇదే మొదలు.

మూడోరోజు ఏమీ తోచక పాత కటింగుల ఫైలు తీయించి మనవరాల్ని చదవమన్నాను. ఇది చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది. నలభై సమీక్షల్లో ముప్పై ఒకటింట్లో "రక్తి కట్టించారు" ఉందట.

(ముప్పై మూడు. తాతయ్య రెండు తగ్గించి చెబుతున్నాడు. – మనవరాలు)

అది పోనివ్వండి. నా బాధ వేరు. కట్టు విప్పాక ఇంటికొచ్చి ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి గోడ చూశాను. కుడికంటికి తెల్లగా, కాస్త నీలిమందు కలిపినట్టుగా ఉంది. ఎడమకంటికి అదే గోడ పాత పంచెలా పసుప్పచ్చగా ఉంది. మేం కొట్టించింది తెల్లసున్నం!

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు ఒక నాటికకి రాస్తూ లైటింగ్‌ని ఆకాశానికెత్తేశాను. "రంగస్థలమంతా పరుచుకున్న పసుపు వెలుతురు, పొలం అమ్ముకున్న రైతు మనసులోని సాయంకాలాన్ని కళ్లకు కట్టింది" అని. లైట్లు వేసిన కుర్రాడు ఆ కటింగుకి లామినేషన్ చేయించుకున్నాడని విన్నాను.

ఆ పసుపు స్టేజీమీద ఉందా, నా కంట్లో ఉందా? పత్రికలో సవరణ వెయ్యాలా? ఇంకొకటి. ఈ శనివారం పరిషత్తులో రెండు నాటికలున్నాయి. నల్లద్దాలు పెట్టుకుని వెనకవరసలో కూర్చుని వినేసి వస్తే తప్పా?

కంటివార్డు అక్క:

రెండోదానికి నేను చెబుతాను, తప్పే బాబాయిగారూ. స్టేజీమీద పొగ వదులుతారు, జనంలో ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో తెలియదు, దుమ్ము సరేసరి. చెయ్యి కంటిమీదికి వెళ్లకుండా మూడు గంటలు కూర్చోగలరా? నొప్పి గానీ ఎరుపు గానీ పెరిగినా, చూపు మందగించినా మాత్రం మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకి చెప్పండి.

రంగుల తేడాకి భయపడకండి. కంట్లో లెన్సు ముదిరేకొద్దీ పసుపుబారి నీలాన్ని లోపలికి రానివ్వదు. ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనకి తెలియదు. మా వార్డులో ఒకావిడ ఆపరేషనయ్యాక తన పెళ్లి పట్టుచీర తీసి చూసి, చీర మార్చేశారని కోడలితో పోట్లాడింది.

డ్రాయింగు మాస్టారు:

మీకు మంచి తోడే ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో శుక్లం తీయించుకున్నాడు, అదీ కుడికంటికే. అంతకుముందు వేసిన తోట బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు ముదిరిపోయి ఉంటాయి. ఆపరేషన్ తర్వాత అంతా నీలంగా ఉందని గొడవపడ్డాడు. ఆయన బొమ్మలకి ఎవరూ సవరణ అడగలేదు. మీరూ ఊరుకోండి.

హార్మోనియం పెట్టె:

గురువుగారూ, "రక్తి కట్టించారు" అన్న మీ మాటని మా ట్రూపు కరపత్రం మీద అచ్చు వేసుకున్నాం. పాపని నవ్వుకోనివ్వండి, మీరు మాత్రం మానకండి. ఖాళీగా ఉన్నారు గనక పాత గ్రామఫోను పద్యాలు వినండి. ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాలే కదా, ఆ మహానుభావులు రాగం ఎక్కడ తుంచారో కూర్చుని పట్టుకోవచ్చు. స్టేజీమీదయితే వన్స్‌మోర్లతో ఒక్క పద్యమే పావుగంట లాగేవారు.

డిమ్మర్ బోర్డు:

మాస్టారూ, సవరణ వేసే ముందు ఒక్క మాట. ఆ రోజు వాడినవి హాలోజన్ లైట్లా, ఎల్‌ఈడీలా? హాలోజన్‌కి కరెంటు తగ్గిస్తే తెలుపు కాస్తా పసుపవుతుంది, ఇంకా తగ్గిస్తే నారింజకి దిగుతుంది. లైటు ముందు రంగు జిలెటిన్ కాగితం వెయ్యకపోయినా సరే. ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు, తగ్గించినా తెలుపు తెలుపే. కుర్రాడికి ఫోన్ చేసి అడగండి.

తెనాలి ముందువరస:

అందరికీ నమస్కారాలు. శనివారం వెళ్లలేదు. మా ఆవిడ చెప్పులు దాచేసింది.

కుర్రాడికి ఫోన్ చేశాను. నేను సమీక్ష అనగానే "అది మా షాపులో గోడకి పెట్టానండీ" అన్నాడు. నోరు పెగల్లేదు. కాసేపు ఆపరేషన్ సంగతి మాట్లాడి, చివరికి అడిగేశాను. "హాలోజన్లేనండీ" అన్నాడు. పసుపు కావాలనే వేశావా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఆ రాత్రి కరెంటు పోయిందట, అద్దె జనరేటర్ లాగలేకపోయిందట. లైట్లన్నీ ఫుల్‌లో పెట్టినా మిణుకుమిణుకుమన్నాయట. దర్శకుడు తిడతాడని వణుకుతూ కూర్చుంటే, వారం తిరక్కుండా నా సమీక్ష వచ్చిందట.

"మీరు రాశాక దర్శకుడుగారు తర్వాతి ప్రదర్శనలన్నింటికీ అదే పసుపు కావాలన్నారండీ. అప్పట్నుంచి జిలెటిన్ కొని వేస్తున్నా" అన్నాడు.

కాబట్టి పసుపు ఉంది. అందులో జనరేటర్ వాటా ఎంత, నా శుక్లం వాటా ఎంత అన్నది ఇప్పుడు తేలేది కాదు. సవరణ వెయ్యడం లేదు. ఎడమకన్ను వచ్చే నెల్లో. ఈలోగా ఆ నాటిక మళ్లీ ఎక్కడైనా ఆడితే ఒక్కో కన్నూ మూసి చూడాలని ఉంది.

(అలారం మోగింది. అమ్మమ్మ చుక్కల సీసా పట్టుకొచ్చింది. ఉంటాం. – మనవరాలు)