కొత్త ల్యాప్‌టాప్: షాపులోనే అన్నీ వేయించుకోవాలా, సీలు విప్పకుండా ఇంటికి తెచ్చుకోవాలా?

కావలి నాన్న

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఒంగోలులో బీటెక్ సీటు వచ్చింది, కంప్యూటర్ సైన్స్. నిన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో ల్యాప్‌టాప్ తీసుకున్నాం. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11. ఆఫీస్ కూడా దాంతోపాటే ఇచ్చారు. బిల్లు తీసుకున్నాక కౌంటర్ దగ్గర కుర్రాడు, "పెట్టె ఇటివ్వండి సార్, గంటలో అన్నీ వేసి రెడీ చేసిస్తా, ఐదొందలు" అన్నాడు. నేను ఇవ్వబోతుంటే మా అమ్మాయి పెట్టె పట్టుకుని వదల్లేదు. మనమే చేసుకుందాం నాన్నా అంటుంది. నాకేమో టెన్షన్. 58 వేల వస్తువు, తెలియక ఏదో ఒకటి నొక్కితే ఎట్లా? చివరికి సీలు విప్పకుండానే బస్సెక్కాం. పెట్టె ఇప్పుడు దేవుడి గూటి కింద ఉంది. ఆదివారం మళ్లీ నెల్లూరు తీసుకెళ్లి వేయించాలా, ఇంట్లోనే మొదలుపెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కర్నూలు రోడ్డు టెక్నీషియన్

సార్, నేను ఒంగోలులో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నా. షాపులో వేయించుకోవడమే మంచిది. కారణం చెప్తా. పెట్టె విప్పగానే స్క్రీన్ మీద చుక్క ఉందా, కీలు అన్నీ పడుతున్నాయా, కెమెరా, స్పీకరు, ఛార్జరు పని చేస్తున్నాయా అని మా ముందే చూసుకోవచ్చు. ఏదైనా తేడా ఉంటే అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు. ఇంటికెళ్లి వారం తర్వాత తెస్తే అది మీ చేతిలో పాడైందా, కంపెనీ నుంచే అట్లా వచ్చిందా అని వాదన మొదలవుతుంది.

ఇంకో సంగతి. విండోస్ 11 మొదటిసారి ఆన్ చేస్తే ఇంటర్నెట్ లేకుండా ముందుకు పోదు. తర్వాత అప్‌డేట్లు జీబీల లెక్కన దిగుతాయి. ఉదయగిరి వైపు నుంచి, కనిగిరి పల్లెల నుంచి వచ్చేవాళ్లకి ఇంట్లో వైఫై ఉండదు, ఫోన్ డేటా ఒక్క పూటలో అయిపోతుంది. షాపు వైఫైలో అదంతా అయిపోతే వాళ్లకి సుఖం. ఐదొందలకి ఆ మాత్రం పని జరుగుతోంది సార్, ఊరికే తీసుకోవడం లేదు.

కందుకూరు టీచరమ్మ

టెక్నీషియన్ తమ్ముడు చెప్పిన చెకింగ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ నాన్నగారూ, ఆ పెట్టె షాపులో ఇచ్చి టీ తాగడానికి మాత్రం వెళ్లకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అబ్బాయి మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు కొన్నాం. షాపులోనే "అన్నీ" వేసి ఇచ్చారు. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు మదర్‌బోర్డు పోతే సర్వీసు వాళ్లు మార్చి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. అదేంటో మాకు తెలీదు. సర్వీసులో అడిగితే, డిస్కుకి తాళం పడి ఉంది, తాళంచెవి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, చూసుకోండి అన్నారు. తీరా చూస్తే ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది మా వాడి ఖాతా కాదు. రెండేళ్ల కిందట షాపులో కుర్రాడు తన మెయిల్‌తో మొదలుపెట్టి, మా వాడి పేరు పైన రాసి ఇచ్చాడు. ఆ కుర్రాడు పని మానేసి ఎటు వెళ్లాడో, ఆ మెయిలు పాస్‌వర్డు ఏంటో ఎవరికీ తెలీదు. రెండు రోజులు షాపు చుట్టూ తిరిగాం. చివరికి అంతా చెరిపేసి మళ్లీ విండోస్ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ప్రాజెక్టు రిపోర్టు, మూడేళ్ల నోట్సు, మా అమ్మ ఆఖరి పుట్టినరోజు ఫొటోలు, అన్నీ పోయాయి. ప్రాజెక్టు మళ్లీ చేసుకున్నాడు. ఫొటోలు ఎక్కణ్ణుంచి తెస్తాం?

కన్నీళ్లు పెట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను. మొదటి రోజు ఎవరి మెయిల్ కొడితే తాళంచెవి వాళ్ల దగ్గరికే వెళ్తుంది. మీ అమ్మాయి పెట్టె వదలకుండా మంచి పని చేసింది.

బెంగళూరులో నెల్లూరోడు

టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. దీన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన విండోస్‌లో చాలా మిషన్లలో, హోమ్ ఎడిషన్‌లో కూడా, ఇది దానంతటదే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే డిస్కుకి తాళం పడి, కీ ఆ ఖాతాలో చేరుతుంది. రోజూ వాడేటప్పుడు కనపడదు. బోర్డు మార్చినా, ఒక్కోసారి బయోస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసినా అప్పుడు అడుగుతుంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే మన ఫైళ్లు వాడికి చిక్కకుండా ఉండటానికి పెట్టారు, మంచి ఏర్పాటే. కానీ తాళంచెవి మన చేతిలో ఉండాలి కదా.

ఇంకోటి కూడా ఉంది. ల్యాప్‌టాప్‌తో ఇచ్చే ఆఫీస్ లైసెన్సు, మొదట ఏ ఖాతాతో యాక్టివేట్ చేస్తే దానికే అతుక్కుపోతుంది. షాపు వాడి ఖాతాతో చేస్తే మీరు డబ్బు కట్టిన వర్డు, ఎక్సెల్ వాడి పేరు మీద ఉంటాయి.

కర్నూలు రోడ్డు టెక్నీషియన్

మేడమ్, మీకు జరిగింది చదివితే బాధేసింది. ఒక మాట మా వైపు నుంచి కూడా వినండి. మేము సొంత మెయిల్ కొట్టేది దురుద్దేశంతో కాదు. కస్టమర్‌ని మెయిల్ ఐడీ అడిగితే ఫోన్లో ఉందంటారు. పాస్‌వర్డు అడిగితే మా అబ్బాయికి తెలుసంటారు. అబ్బాయి హైదరాబాదులో డ్యూటీలో ఉంటాడు. ఓటీపీ పాత సిమ్‌కి పోతుంది. సాయంత్రం ఏడింటికి పొదిలి బస్సు వెళ్లిపోతుందని ఆయన కంగారు. అప్పుడు మావాళ్లు తమ మెయిల్ కొట్టి పని అయిందనిపిస్తారు. తప్పే, కాదనను. ఈ రోజు నుంచి మా షాపులో ఆ పని జరగదు. ఇక్కడ మాటిస్తున్నా.

చీమకుర్తి అకౌంట్స్

నేను గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. "అన్నీ వేసి ఇస్తాం" అన్నప్పుడు ఆ అన్నీ ఏంటో అడగండి. చాలాచోట్ల క్రాక్ సాఫ్ట్‌వేర్లు, అంటే లైసెన్సు లేకుండా నడిచేలా చేసిన దొంగ కాపీలు, వేస్తారు. క్రాక్ పని చెయ్యాలంటే సాధారణంగా ముందు వైరస్‌లు రాకుండా విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌ని ఆపేస్తారు. కొత్త ఇంటికి గొళ్లెం తీసేసి తాళం చేతికిచ్చినట్టు. మా ఆఫీసులో ఒక సిస్టమ్ అట్లా వచ్చిందే, ఆర్నెల్లకి ఫైళ్లన్నీ వైరస్ పట్టి తెరుచుకోలేదు.

బీటెక్ పిల్లలకి క్రాక్ అవసరమే లేదు. సీ కంపైలర్ ఉచితం, పైథాన్ ఉచితం, ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ ఉచితం. డ్రాయింగ్‌కి ఆటోక్యాడ్ కావాలంటే విద్యార్థి అని రుజువు చూపిస్తే ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, ఏటేటా రెన్యువల్ చేసుకోవచ్చు. ఆఫీస్ లేని ల్యాప్‌టాప్ అయితే అదే పని చేసే ఉచిత లిబ్రె ఆఫీస్ వేసుకోవచ్చు. డబ్బులిచ్చి దొంగసరుకు వేయించుకోవడం దేనికి?

నెల్లూరు పెద్దాయన

అబ్బయ్యా, ఇవన్నీ సరే. మొదట ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలి, అప్పటిదాకా ముట్టుకోకూడదు. నా మొదటి సెల్ ఫోన్‌కి షాపు వాళ్లు అట్లాగే చెప్పారు, ఆరేళ్లు మన్నింది.

బెంగళూరులో నెల్లూరోడు

పెద్దాయనా, మీరు చెప్పింది పాత నికెల్ బ్యాటరీలకి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో లిథియం అయాన్. దానికి ఎనిమిది గంటల నియమం లేదు, ఛార్జరు పెట్టి వెంటనే వాడుకోవచ్చు. దానికి పడనివి రెండు: వేడి, ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం. హాస్టల్లో రోజంతా ప్లగ్గుకి పెట్టి ఉంచేవాళ్లయితే, చాలా కంపెనీల యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసుకోవాలి. పరుపు మీద పెట్టి వాడకూడదు. కింద గాలి రంధ్రాలు మూసుకుపోతే మన ఎండాకాలంలో పెనంలా కాలుతుంది.

మార్కాపురం డీటీపీ

షాపులో వేయించుకోవడాన్ని నేను పూర్తిగా తప్పు పట్టను. నా పని పెళ్లి పత్రికలు, కరపత్రాలు. అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకరు, తెలుగు కొట్టడానికి ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్ లేనిదే నాకు రోజు గడవదు. ఇవి వేయడం తెలిసినవాళ్లు వేస్తేనే కుదురుతాయి. కానీ చదువుకునే పిల్లకి అవేవీ అక్కర్లేదు. అను ఫాంటులో కొట్టింది ఇంకో కంప్యూటర్లో ఫాంటు లేకపోతే పిచ్చి గీతల్లా కనపడుతుంది. అమ్మాయికి ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్ తెలుగు చాలు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకుని, కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకోమనండి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2019లో ఇచ్చింది. 'అమ్మ' అనడానికి ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో పడుతుంది. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారుతుంది. పైసా ఖర్చు లేదు.

చీమకుర్తి అకౌంట్స్

డీ డ్రైవ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. షాపు వాళ్లు సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇస్తారు. ఒకటే డిస్కు, అది పోతే మూడూ పోతాయి. విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వస్తే మాత్రం డీని చెరపకపోతే, దాని తాళంచెవి కూడా మన దగ్గర ఉంటే, డీలో పెట్టినవి మిగులుతాయి. కావాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తర్వాతైనా చేసుకోవచ్చు, మొదటి రోజే తొందర లేదు.

కందుకూరు టీచరమ్మ

నాన్నగారూ, ఆదివారం కూర్చునే ముందు పెట్టె మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, జీఎస్‌టీ బిల్లు మీద నంబరు మూడూ ఒకటేనా చూసుకోండి. విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తియ్యండి. టెక్నీషియన్ తమ్ముడు చెప్పిన వాదన రేపు వస్తే అదే మీ సాక్ష్యం. మెయిల్ మాత్రం అమ్మాయిది. పాస్‌వర్డు అమ్మాయే కొట్టాలి.

కావలి నాన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం ఇంట్లోనే అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, నాలాంటి తండ్రులకి పనికొస్తుంది.

పొద్దున్నే మా ఆవిడ మూత మీద పసుపు, కుంకుమ బొట్టు పెట్టింది. కీల సందుల్లో పడకుండా ల్యాప్‌టాప్ మూసే ఉంచి, మూల మీద చిన్న చుక్క. మూడు నంబర్లు సరిపోయాయి. మా చిన్నది వీడియో తీసింది. ఆన్ చేస్తే ముందు దేశం, కీబోర్డు అడిగింది. తర్వాత వైఫై. మాకు వైఫై లేదు, నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాను. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగింది. అమ్మాయి తన మెయిల్ కొట్టింది, ఓటీపీ తన ఫోన్‌కే వచ్చింది. పిన్ పెట్టుకుంది. మధ్యలో ప్రకటనల కోసం సమాచారం పంపాలా, లొకేషన్ ఇవ్వాలా అని ఏవేవో అడుగుతుంటే ఒక్కొక్కటే చదివి అక్కర్లేనివి వద్దంది. షాపులో అయితే ఆ ప్రశ్నలు మా కంటికి కూడా కనపడేవి కావు.

అప్‌డేట్లకి నా ఫోన్ డేటా సరిపోలేదు, టెక్నీషియన్ గారు ఆ విషయంలో చెప్పింది నిజం. మధ్యాహ్నం మా తమ్ముడి ఇంటికి తీసుకెళ్లి వాళ్ల వైఫైలో రెండున్నర గంటలు పెట్టాం. ముప్పై రోజుల ట్రయల్ యాంటీవైరస్ ఒకటి ముందే ఉంది. దాన్ని తీసేస్తే డిఫెండర్ దానంతటదే ఆన్ అయింది. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీయేనట, డెస్క్‌టాప్ మొత్తాన్నీ అందులోకి పంపించబోతుంటే అమ్మాయి ఆపేసి, ముఖ్యమైనవాటికి ఒక పెన్‌డ్రైవ్ కేటాయించింది. ఆఫీస్ కూడా తన పేరు మీదే యాక్టివేట్ అయింది.

సాయంత్రం టీచర్ గారు చెప్పిన తాళంచెవి వెతికాం. అమ్మాయి ఖాతా పేజీలో డివైసుల దగ్గర ఉంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. తను చదువుతుంటే నేను నోట్‌బుక్కులో రాశాను, మళ్లీ నేను చదువుతుంటే తను సరిచూసింది. ఐదో గుంపులో 6కి బదులు 0 రాశాను, దిద్దుకున్నాం. టెన్షన్ పోయింది.

ఒక్క అనుమానం మిగిలింది. ఆ కాగితం అమ్మాయి హాస్టల్‌కి తీసుకెళ్లాలా?

కందుకూరు టీచరమ్మ

చాలా సంతోషంగా ఉంది నాన్నగారూ. కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టవద్దు, బ్యాగు పోతే రెండూ పోతాయి. మీ ఇంట్లోనే రేషన్ కార్డు, ఇంటి పత్రాలు ఉండే బీరువాలో పెట్టండి. అవసరమైన రోజు అమ్మాయి ఫోన్ చేస్తే మీరు చదివి వినిపించవచ్చు.