పక్షవాతం వచ్చిన నాన్నకు ఇంట్లో నర్సు: కర్నూలులో ఎలా కుదుర్చుకోవాలి?

బుధవారపేట వాసి: నాన్నకు 74 ఏళ్లు. ఎడమ చేయి, కాలు పడిపోయాయి. వచ్చే వారం డిశ్చార్జి అంటున్నారు. ముక్కులో గొట్టం, మూత్రానికి మరో గొట్టం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఉద్యోగం తప్పదు. నర్సును పెట్టుకుంటే సరిపోతుందా?

ఆదోని అక్క: ముందు నర్సు కావాలో, ఆయా కావాలో తేల్చుకో తమ్ముడూ. ఏజెన్సీవాళ్లు ఫోనులో ఇద్దరినీ నర్సులే అంటారు. మాకు పంపిన అమ్మాయి మా అత్తగారిని వెల్లకిలా పడుకోబెట్టి గొట్టంలో జావ పోయబోయింది! సగం కూర్చున్నట్టు లేపి పోయాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషిని మార్చమంటే మార్చలేదు, బయానా కూడా తిరిగి ఇవ్వలేదు. డిశ్చార్జికి ముందే ఆ మనిషిని వార్డుకు పిలిపించి, సిస్టర్ ఎదుట చేయించి చూడు.

ప్రొద్దుటూరు మాస్టారు: రాత్రి సంగతి ఎవరూ ఆలోచించరు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పగటి డ్యూటీ మనిషి వెళ్లిపోయాక ఒంటిగంటకు లేచి తిప్పేదెవరు? మా ఇంట్లో గోడకు కాగితం అంటించి, ఏ వేళకు ఎటు తిప్పామో రాసేవాళ్లం. గాలి పరుపు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. కరెంటు పోయి పంపు ఆగితే అది పనిచేయదు, పైగా మన ఎండలకు వీపంతా చెమట. నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నవారు మంచం మాత్రం వద్దు, నడుము దిగబడుతుంది.

గుంతకల్లు ఫిజియో: లేపేటప్పుడు పడిపోయిన చేయి పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారుతుంది. ముక్కు గొట్టం తీసే ముందు మింగగలుగుతున్నారో లేదో పరీక్షించమని అడగండి. నీళ్లు తేలిక అనుకుంటారు గానీ, పలచనివే త్వరగా పొలమారతాయి. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారు. బంధువులు పసరు కట్లు, పావురం రక్తం అంటూ వస్తారు, కాఫీ ఇచ్చి పంపేయండి.

కడప నుంచి: మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.15,000 పింఛను ఉంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం ధ్రువపత్రం కావాలి, సచివాలయంలో అడగండి. చేతికి వచ్చేదాకా నర్సు జీతం మాత్రం దాని మీద లెక్క వేసుకోవద్దు.

బుధవారపేట వాసి: మాస్టారూ, అయితే రాత్రి మనిషినే వెతుకుతాను. పగలు అమ్మకు తోడుగా చిన్నాన్న వస్తానన్నారు. అక్కా, మూత్రపు గొట్టం ఎన్నాళ్లు ఉంచుతారు?

ఆదోని అక్క: అది డాక్టరు చెప్పాలి. ఎప్పుడు తీస్తారో డిశ్చార్జి కాగితంలోనే రాయించుకో, ఉన్నన్నాళ్లూ ఇన్ఫెక్షన్ భయమే. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి. పక్క మార్చేటప్పుడు దాన్ని తీసి మంచం మీద పెట్టేస్తారు, చిన్నాన్నకు ముందే చెప్పు.