“తత్పాదలేపంబు కరఁగిపోయె”: చరిత్ర ఆటల్లో మహిమకు హద్దు

విజయనగరం నేపథ్యంగా టేబుల్‌టాప్ రోల్‌ప్లే గేమ్ (గేమ్ మాస్టర్ కథ నడుపుతుంటే ఆటగాళ్లు పాత్రలుగా ఆడే ఆట) రాసుకుంటున్న మిత్రులొకరు, అందులో మ్యాజిక్ ఎంతవరకు పెట్టవచ్చని అడిగారు. నేనైతే మనుచరిత్ర తెరవమంటాను. కృష్ణరాయల కొలువులో, ఆయనకే అంకితంగా పెద్దన రాసిన కావ్యం. ఆ కాలపువాళ్లు మహిమను ఎలా ఊహించుకున్నారో అందులోనే దొరుకుతుంది.

కోరిన చోటికి చేర్చే పసరు సిద్ధుడిస్తే, అది కాళ్లకు పూసుకుని కథానాయకుడైన బ్రాహ్మణుడు ప్రవరుడు హిమాలయానికి వెళ్లాడు. మధ్యాహ్నమైంది, మిగతా వింతలు రేపు చూద్దామనుకుని బయలుదేరబోయాడు.

అనుచుఁ గ్రమ్మరు వేళ నీహారవారిఁ
బెరసి తత్పాదలేపంబు కరఁగిపోయెఁ
గరఁగిపోవుట యెఱుఁగఁ డద్ధరణిసురుఁడు
దైవకృతమున కిల నసాధ్యంబు గలదె

నీహారవారి అంటే మంచునీరు, బెరసి అంటే కలిసి, తత్పాదలేపం అంటే అతని కాళ్లకున్న ఆ పసరు, ధరణిసురుడు అంటే బ్రాహ్మణుడు. రెండో పాదం ‘కరఁగిపోయె’తో ముగిస్తే, మూడోది ‘కరఁగిపోవుట’తోనే మొదలవుతుంది. పసరు పోవడం ఒక ఎత్తు, పోయిందని తెలియకపోవడం ఇంకో ఎత్తు. పద్యం బిగువంతా ఆ ‘యెఱుఁగఁడు’లో ఉంది. ఆట నడిపేవారికి కావలసిందీ అదే. పసరు కరిగిన సంగతి గేమ్ మాస్టర్ మనసులోనే పెట్టుకోవాలి, ఆటగాడికి తిరుగుప్రయాణంలోనే తెలియాలి.

1520 నాటి రాయచూరు యుద్ధం తీసుకోండి. ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చాడు. రాయల వేగులవాడొకడు పసరు పూసుకుని ఆ దండులో దిగుతాడు, రేవు దగ్గర తడి ఇసుకలో తిరుగుతూ ఏనుగుల్నీ ఫిరంగుల్నీ లెక్కపెడతాడు. కబురు చేతికి చిక్కింది, వెనక్కి మాత్రం కాలినడకే! కబురు సమయానికి అందుతుందా లేదా అన్నదే ఆట. యుద్ధాన్ని తేల్చేది మళ్లీ సైన్యాలే కాబట్టి చరిత్రకు ఏ భంగమూ రాదు. రోజుకు ఇన్ని మంత్రాలని అంకెలు వేయడం కంటే ఇది ఆ కాలానికి ఎంతో బాగా అతుకుతుంది.

ప్రవరుడు ఇల్లు చేరింది పసరుతో కాదు, అగ్నిదేవుణ్ణి వేడుకుని. అది రోజూ చేసిన అగ్నిహోత్రం ఫలం, ఒకరిస్తే వచ్చేది కాదు. అతన్ని వలచిన అప్సరస వరూధినిని అతని రూపంతో చేరిన గంధర్వుడిది పూర్తిగా వేరే దారి, కామరూపం, అంటే కోరిన రూపం ధరించడం. మూడింటినీ ‘మాయ’ అనే ఒక్క పేరు కింద కలిపేయకండి. ఆటలో ఒక్కోదానికి ఒక్కో నియమం ఉండాలి.

వేరే కావ్యాల్లో, జానపద కథల్లో పసరో అంజనమో సరిగ్గా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోయిన ఘట్టాలు గుర్తున్నవారు పద్యంతో సహా పెట్టండి.